ఇంట్లో తయారుచేసిన మోడల్ విమానాన్ని తొలిసారి ఎగరేసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

మోడల్ విమానంతో ప్రమాదం అనగానే అది పైనుంచి కూలిపోవడమే చాలామందికి గుర్తుకొస్తుంది. కానీ చేతికి గాయమయ్యే అవకాశం, నిప్పంటుకునే అవకాశం పనిబల్ల దగ్గరే ఎక్కువ. విమానం కూలడానికి దారితీసే లోపాలు కూడా చాలావరకు అక్కడే పుడతాయి కాబట్టి, మైదానానికి వెళ్లేముందు ఇంట్లో గడిపే సమయాన్ని ఏ మాత్రం తగ్గించుకోకూడదు.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ప్రొపెల్లర్ గురించి. మోటారు తిరిగే దిశ చూస్తున్నా, సర్వోలు (రెక్కల, తోకల కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్లు) సరిచేస్తున్నా, ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే రేడియో రిమోట్) సెట్టింగులు మారుస్తున్నా ప్రొపెల్లర్‌ను విప్పి పక్కన పెట్టాలి. అన్ని పరీక్షలూ ముగిశాకే దాన్ని బిగించాలి. 10 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతుంటే దాని కొస గంటకు దాదాపు 480 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగంలో చిన్న ప్లాస్టిక్ రెక్క కూడా వేలిని ఎముక దాకా కోయగలదు. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, థ్రాటిల్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి ఉందని చూసుకున్న తర్వాతే బ్యాటరీ కలపాలి. విప్పేటప్పుడు బ్యాటరీని ముందు తీసి, ట్రాన్స్‌మిటర్‌ను ఆ తర్వాత ఆపాలి. సిగ్నల్ తెగిపోతే మోటారు దానంతటదే ఆగిపోయేలా రిసీవర్‌ను (విమానంలో ఆ సిగ్నల్‌ను అందుకునే పరికరం) అమర్చుకోవాలి. ప్రొపెల్లర్ లేకుండా మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్‌ను ఆపి, ఈ ఏర్పాటు నిజంగా పనిచేస్తోందో లేదో కళ్లారా చూడాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ 4.2 వోల్టులకు మించి ఛార్జ్ కాకూడదు, 3 వోల్టుల కంటే కిందికి దిగిపోకూడదు. కొన్నాళ్లు వాడకుండా ఉంచాలంటే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర భద్రపరచాలి. ఆ రకం బ్యాటరీ కోసమే తయారైన, ప్రతి సెల్‌నూ సమం చేసే ఛార్జర్‌తో, మండని గచ్చు మీద, మనిషి దగ్గరుండగానే ఛార్జ్ చేయాలి. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోవడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారికి పనికొస్తుందేమో అని చూడకుండా పక్కన పెట్టేయాలి.

జిగురు విషయంలో కొత్తవారు గమనించనిది ఒకటుంది. సూపర్ గ్లూ మామూలు థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, నూలు గుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుట్టించగలదు. అందువల్ల ఒలికిన జిగురును పాత నూలు గుడ్డతో తుడవకూడదు. థర్మాకోల్‌కు సరిపడే జిగురును ముందుగా ఒక తునక మీద వేసి చూసుకోవాలి. విమానానికి బలం కోసం వాడే కార్బన్ కడ్డీలను కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక విమానం తీరు విషయానికి వస్తే, గరిమనాభి (విమానం బరువంతా సమతూకంగా నిలిచే బిందువు) ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. తోక ఉన్న సాధారణ విమానంలో అది రెక్క ముందంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం దూరంలో ఉండాలి. అంటే 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రపు రెక్కకు 5 నుంచి 6 సెంటీమీటర్లు. బ్యాటరీతో సహా అన్నీ అమర్చాక రెండు రెక్కల కింద ఆ దూరంలో ఒక్కో వేలు పెట్టి ఎత్తి పట్టుకుంటే, విమానం సమంగా గానీ ముక్కు కాస్త కిందికి వంచి గానీ నిలవాలి. ముక్కు బరువైన విమానం మొండికేసినా అదుపులో ఉంటుంది గానీ, తోక బరువైనది చేయి వదలగానే ముక్కు పైకెత్తి, వేగం కోల్పోయి పడిపోతుంది. తోక గరిమనాభికి దూరంగా, ముక్కు దగ్గరగా ఉంటాయి కాబట్టి వెనుక ఒక గ్రాము పెరిగితే దాన్ని సరిచేయడానికి ముందు రెండు మూడు గ్రాములు కావలసి రావచ్చు. అందుకే నమూనా గీసేటప్పుడే తోకను తేలికగా ఉంచుకోవాలి, బ్యాటరీ ముందుకూ వెనక్కూ జరిగేలా చోటు వదలాలి.

విమానం 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్కలు రెట్టింపు బరువు మోయవలసి వస్తుంది. అందువల్ల అన్నీ అమర్చిన విమానాన్ని రెండు రెక్కల కొసలు పట్టుకుని నెమ్మదిగా పైకెత్తి చూడాలి. మధ్య అతుకు పటపటమన్నా, కుంగినా ఆ రెక్కతో ఎగరేయకూడదు.

విమానం వెనుక నిలబడి ట్రాన్స్‌మిటర్ మీది ఐలెరాన్ స్టిక్‌ను కుడికి నెడితే కుడి ఐలెరాన్ (రెక్క వెనుక అంచున ఉండే కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి; ఎలివేటర్ స్టిక్‌ను మన వైపు లాగితే ఎలివేటర్ (తోక మీది అడ్డంగా ఉండే కదిలే పలక) పైకి లేవాలి. ఇవి తారుమారైతే గాలిలో సరిదిద్దుకునే వ్యవధి దాదాపు ఉండదు కాబట్టి, ఈ పరీక్షను ప్రతిసారీ మళ్లీ చేయాలని గట్టిగా కోరుతున్నాను.

తొలి ప్రయత్నానికి గాలి నెమ్మదిగా ఉన్న వేళను, జనం, రోడ్లు, కరెంటు తీగలు లేని ఖాళీ చోటును ఎంచుకోవాలి. స్థానిక నిబంధనలను ముందే తెలుసుకోవాలి. చేత్తో వదిలేవారు ప్రొపెల్లర్‌కు దూరంగా పట్టుకుని, గాలికి ఎదురుగా, దాదాపు సమతలంగా విసరాలి. విమానం పడిపోతే వెంటనే థ్రాటిల్ మూసి, ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంచి దగ్గరికి వెళ్లి, ముందుగా బ్యాటరీ విప్పాలి. దెబ్బ తగిలిన బ్యాటరీ కొంతసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు కనుక దాన్ని వెంటనే వాహనంలో పెట్టకుండా ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా ఉంచి గమనించాలి. విమానం కరెంటు తీగకు చిక్కుకుంటే కర్రతో లాగే ప్రయత్నం చేయకుండా విద్యుత్ సిబ్బందికి తెలియజేయాలి.