పాత ఫ్రేమ్‌లో పవర్ కూలింగ్ గ్లాసెస్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

పాత కూలింగ్ గ్లాసెస్ కొన్నప్పుడు మనం డబ్బు పెట్టేది ఫ్రేమ్‌కే. అందులోని అద్దాలు ఎలాగూ తీసేయాలి. పవర్ లేనివైతే మీకు కనపడదు, ఉంటే అది ఇంకొకరి పవర్. కాబట్టి షోకు సంగతి తర్వాత చూసుకుని, ఆ ఫ్రేమ్‌లో మీ అద్దం పడుతుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

అందుకు కాడ లోపలివైపో, ముక్కు మీద ఆనే వంతెన దగ్గరో ఉండే రెండు అంకెలు చూడాలి. 58□14 అని ఉంటే ఒక్కో అద్దం వెడల్పు 58 మి.మీ., రెండింటి మధ్య ఎడం 14 మి.మీ. అంకెలు చెరిగిపోయి ఉంటే స్కేలుతో కొలవండి. రెండూ కలిపితే 72. మీ కనుపాపల మధ్య దూరం, అంటే చీటీలో పీడీ అని రాసేది, 62 అనుకుందాం. తేడా 10. ఒక్కో అద్దంలో పవర్ కేంద్రాన్ని ముక్కు వైపు 5 మి.మీ. జరపాలన్నమాట. జరిపిన కొద్దీ చెవి వైపు అంచు లావెక్కుతుంది. మైనస్ 4 పవర్‌ని మామూలు సీఆర్-39 ప్లాస్టిక్‌లో చేయిస్తే ఈ ఫ్రేమ్‌లో బయటి అంచు దాదాపు 6.5 మి.మీ. వస్తుంది. సన్నటి తీగ రిమ్ములోంచి వెనక్కి పొడుచుకొచ్చి, కాడలు పూర్తిగా మడత పడనివ్వదు. అదే పవర్ 46□20 గుండ్రటి ఫ్రేమ్‌లో 4.5 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. మైనస్ 2 లోపు వాళ్లు ఏ ఫ్రేమైనా పెట్టుకోవచ్చు. 3 దాటితే అద్దం వెడల్పు 50 లోపు ఉన్నవే వెతకండి, లేదా 1.60, 1.67 రకం పలచటి అద్దాలకు ఎక్కువ ఖర్చు పెట్టడానికి సిద్ధపడండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అద్దాన్ని గుండ్రటి బిళ్ల నుంచి కోస్తారు. ఫ్రేమ్‌లో అద్దం ఐమూలగా 61 మి.మీ. ఉంటే, పైన చెప్పిన తేడా 10, అంచుకు ఇంకో 2 కలిపి 73 మి.మీ. బిళ్ల కావాలి. షాపులో 70ది ఉంటే దాంతోనే సర్దేస్తారు. కేంద్రం పూర్తిగా జరగదు. అసలు జరపకుండా వదిలేస్తే మైనస్ 4కి ఒక్కో కంట్లో 2 ప్రిజమ్‌ల దోషం, అంటే చూపు పక్కకు వంగడం, పడుతుంది. తలనొప్పి అక్కడి నుంచే. 75ది తెప్పించమని ముందే అడగండి.

సరుకు ఎక్కడ దొరుకుతుందంటే, ఢిల్లీ బల్లీమారాన్ కళ్లజోళ్ల బజారు, ముంబై చోర్ బజార్, మన హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత. వీటికన్నా మంచి చోటు పాత కళ్లజోళ్ల దుకాణాల అటక. అమ్ముడుపోని, ఎవరూ పెట్టుకోని ఫ్రేములు అక్కడే ఉంటాయి, బేరమూ కుదురుతుంది.

రేబాన్ అయితే ఒక గుర్తు. 1999లో ఆ బ్రాండ్‌ని బాష్ అండ్ లోంబ్ నుంచి ఇటలీ కంపెనీ లక్సోటికా కొనుక్కుంది. అంతకు ముందు కాలం అద్దం అంచున, కీలు దగ్గర, 'బిఎల్' అని సన్నగా చెక్కి ఉండొచ్చు. 'ఆర్‌బి' అని ఉంటే ఆ తర్వాతి సరుకు. ఇవి రెండూ నకిలీల మీదా ఉంటాయి కాబట్టి కీళ్లు, పాలిష్ కూడా చూడండి.

చేతిలోకి తీసుకున్నాక బొటనవేలితో కాడను గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. ఇట్టే అంటుకుంటుంది. వేడి పెట్టే పని పడనివ్వకండి. వెనిగర్ వాసనొస్తే ఎసిటేట్ (ఫ్రేములు చేసే ఇంకో ప్లాస్టిక్) చెడిపోవడం మొదలైంది, ఎంత చౌకైనా వదిలేయండి. లోహం ఫ్రేమ్‌లో స్క్రూల చుట్టూ, ముక్కు ప్యాడ్ల కింద పచ్చగా చిలుము ఉంటుంది. పైపైదైతే పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలతో పోతుంది. కింద గుంటలు పడి ఉంటే స్క్రూ తిప్పగానే విరిగిపోతుంది. ఇక అసలైన తాబేటి చిప్పతో చేసినవి కొననే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

అందులోని అద్దానికి పవర్ ఉందో లేదో మిషను లేకుండానే తెలుస్తుంది. చేయి చాపి అద్దంలోంచి తలుపు అంచును చూస్తూ అద్దాన్ని పక్కకు జరపండి. అంచు అటే కదిలితే మైనస్, ఎదురు కదిలితే ప్లస్, కదలకపోతే పవర్ లేదు. అద్దాన్ని చక్రంలా తిప్పినప్పుడు గీత వంకరపోతే సిలిండర్, అంటే అడ్డం నిలువు పవర్లలో తేడా, ఉంది.

షాపులో చెప్పాల్సినవి ఇవి. సీఆర్-39కి రంగు బాగా పడుతుంది, పాలికార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్‌కి సరిగా ఎక్కదు. ముదురు 80 నుంచి 85 శాతం చాలు. రేబాన్ పాత ఆకుపచ్చ బూడిద రంగు జీ-15 కూడా వెలుతురును 15 శాతమే లోపలికి పంపేది. అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపే యూవీ 400 విడిగా అడగండి. రంగు ముదురుగా ఉండి యూవీ ఆపకపోతే, నీడకు పాప విచ్చుకుని ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. రెండద్దాలకూ ఒకే విడతలో రంగు వేయించండి. తర్వాత ఒకటి పగిలి మార్పిస్తే రంగు కలవదు. లోపలి వైపు ఏఆర్ (ప్రతిబింబాలు పడనివ్వని) కోటింగ్ పెట్టించకపోతే వెనక నుంచి వచ్చే వెలుతురులో మీ కన్నే మీకు కనిపిస్తుంది. రోడ్డు, నీళ్ల మీంచి వచ్చే మెరుపును ఆపే పోలరైజ్డ్ రకం తీసుకుంటే ఫోన్ తెర కొన్ని కోణాల్లో నల్లబడుతుంది, రోజూ జీపీఎస్ చూసి బండి నడిపేవాళ్లు ఆలోచించుకోవాలి. చత్వారం వచ్చినవాళ్లు ప్రోగ్రెసివ్ (దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో) అడిగితే, పాప నుంచి అద్దం కింది అంచు దాకా కనీసం 16, 18 మి.మీ. ఎత్తు ఉండాలి. పిల్లి కళ్ల ఫ్రేములకు అంత ఉండదు. ఎండలోకి దూరపు చూపు ఒక్కటి చాలు.

"పాతది, విరిగితే మా పూచీ లేదు" అని ప్రతి షాపూ అంటుంది. అనడంలో తప్పులేదు. ఎండిపోయిన ఎసిటేట్ ఎక్కువగా ముక్కు దగ్గరే చిట్లుతుంది. అద్దం అర మి.మీ. పెద్దదైనా చాలు. ముందు కొంచెం చిన్నగా కోసి, ఫ్రేమ్ వేడి చేసి, ఎక్కించి చూడమనండి. అద్దాలు అక్కడే కోసే షాపు అయితేనే ఇది కుదురుతుంది.

ముక్కు మీంచి జారితే కాడలు బిగించకండి, చెవి వెనక పుండు పడుతుంది. వంతెన వెడల్పెక్కువ అన్నమాట. ఎసిటేట్ ఫ్రేమైతే అతికించే సిలికాన్ ప్యాడ్లు సరిపోతాయి, లోహానిదైతే ప్యాడ్ కాడలను లోపలికి వంచాలి. చెవి పైన సరిగ్గా ఎక్కడ దిగుతుందో అక్కడే కాడ వంపు మొదలవ్వాలి. పాత ఫ్రేముల్లో కాడలు 135 మి.మీ. లోపు కూడా ఉంటాయి, కాబట్టి పెద్ద తల ఉన్నవాళ్లు కొనేముందే పెట్టుకుని చూడాలి. మే ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఫ్రేమ్ వంగి, కోటింగ్ పగుళ్లు బారుతుంది. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ తగిలితే ఎసిటేట్ కరిగిపోతుంది.

తీసిన పాత అద్దాలు పారేయకుండా కాగితంలో చుట్టి దాచండి. వాటి ఆకారం చూసి కొత్తవి కోయొచ్చు, రేపు ఫ్రేమ్ అమ్మదలుచుకున్నా కొనేవాడు మొదట అడిగేది వాటినే.