తగ్గుతున్న ఒంటికి పెళ్లి జాకెట్టు

మాది బరంపురం. ఫిబ్రవరిలో పెళ్లి, సెప్టెంబరు నుంచే పొద్దున్న నడక మొదలుపెట్టాను. చీరకి బెంగ లేదు. అంచున కుంభాలు, అంటే గుడి గోపురాల్లాంటి మొనలు తేలిన మా ఊరి పట్టు, అయిదున్నర మీటర్లు, ఒళ్లు తగ్గినా కుచ్చిళ్లలో సర్దుకుంటుంది. చిక్కంతా జాకెట్టుతోనే.

తొందరపడి నవంబరులోనే కుట్టించేశాను. డిసెంబరు చివరికి 4 కిలోలు తగ్గాను. భుజం జారుతోంది, చంక దగ్గర గుడ్డ ముడతలు పడిపోతోంది. పక్కలు లోపలికి పట్టి కుట్టిద్దామంటే మగ్గం పువ్వులు సగం కుట్టులోకి పోతున్నాయి. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మా వీధిలో కుట్టే పిన్ని చూసి, "దీన్ని వదిలేయమ్మా. వేరే గుడ్డ తే, పువ్వులు మెడకీ చేతి అంచుకీ చాలు, పక్కలకి రానివ్వకు" అంది. చీరతో వచ్చిన ముక్క అయిపోయింది కదా, అంచు రంగు పట్టుగుడ్డ కొన్నాం. మగ్గం పని ముందే చేయించి, కత్తెర మాత్రం పెళ్లికి 12 రోజుల ముందు వేయించాం. పక్కల లోపల రెండేసి అంగుళాలు వదిలి, పచ్చికుట్టు వేసి తొడిగి చూసింది. నేనూ అప్పటినుంచి తిండి తగ్గించడం ఆపేశాను. 3 రోజుల ముందు అర అంగుళం పట్టి, గట్టికుట్టు వేసింది.

లోపలి గుడ్డ కోయనివ్వలేదు. ఒళ్లొస్తే విప్పుకుంటాను.