నెట్ వేగం చాలినా పని ఎందుకు ఆగుతుంది: రూటర్‌లో వరుసను అదుపు చేసే పద్ధతి

నల్లగొండలో నాలుగు కంప్యూటర్లున్న ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకరు స్కాన్ చేసిన పత్రాలను అప్‌లోడ్ చేస్తున్నంతసేపు, గడువు చివరి రోజున ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన విద్యార్థికి దరఖాస్తు పేజీ తెరుచుకోకపోవడం తరచూ కనిపించేదే. ఇటువంటప్పుడు చాలామంది పెద్ద ప్లాన్‌కు మారతారు గాని, నా అనుభవంలో ముందు చూడవలసింది వేగాన్ని కాదు, వరుసను.

సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర రోడ్డు ఎంత వెడల్పున్నా, గేట్లు వదలగలిగినన్ని బండ్లే ముందుకు కదులుతాయి, మిగిలినవన్నీ నిలిచిపోతాయి. రూటర్‌లోనూ, బయటి లైనును అందుకునే పెట్టె అయిన మోడెమ్‌లోనూ ఇదే జరుగుతుంది. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) ఉండి, మోడెమ్‌లో ఒక మెగాబైట్ డేటా వరుస కట్టిందంటే, అది 8 మెగాబిట్లు కనుక, చివరి ప్యాకెట్ (డేటా ముక్క) బయటపడడానికి 1.6 సెకన్లు పడుతుంది. నెట్‌లో డేటా పంపే నియమావళి అయిన టీసీపీలో సాధారణంగా వాడే పద్ధతులు ఏదైనా ప్యాకెట్ దారిలో తప్పిపోయేదాకా వేగం పెంచుతూనే ఉంటాయి కాబట్టి, ఆ వరుస నిండే తీరుతుంది. 1986లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య రద్దీ వల్ల వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయాక, ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జేకబ్‌సన్ 1988లో ప్రచురించిన రద్దీ నియంత్రణ పద్ధతికి నేటి పద్ధతులు వారసులే.

మొదట కంప్యూటర్‌ను రూటర్‌కు తీగతో కలిపి, ఎవరూ నెట్ వాడనప్పుడు పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) చూడండి. తర్వాత పెద్ద ఫైలు ఎక్కిస్తూ మళ్లీ చూడండి. 30 మిల్లీసెకన్లు ఉన్నది వందల్లోకి వెళితే దోషం వరుసదే.

తర్వాత పొద్దున, సాయంత్రం వేగం కొలిచి, నిలకడగా వచ్చే తక్కువ అంకెను రాసుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రూటరైతే, వరుసను అదుపు చేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, బయటి లైనుకు సంబంధించిన ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుని, ప్యాకెట్లను వంతులవారీగా పంపే కేక్ పద్ధతిని పెట్టి, కొలిచిన వేగంలో 90 శాతాన్ని కిలోబిట్లలో నింపండి: 50 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌కు 45000, 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కు 4500. కొంత వేగం వదులుకోవడం నష్టంగా తోచవచ్చు గాని, అసలు కిటుకు అక్కడే ఉంది. మన అదుపులో లేని మోడెమ్‌లో కట్టే వరుస మన రూటర్‌లోకి మారి, అక్కడ ప్రతి కనెక్షన్‌కూ వంతు దొరుకుతుంది. మళ్లీ పింగ్ చూస్తూ, ఆలస్యం పెరగనంతవరకు అంకెలను కొద్దికొద్దిగా పెంచండి.

ఈ సౌకర్యం లేని రూటరైతే, కనీసం ఫైళ్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో అప్‌లోడ్ పరిమితి పెట్టండి. వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే దీనితో బాగుపడదు. మొబైల్ హాట్‌స్పాట్ వేగం గంటగంటకూ మారుతుంది గనుక అక్కడ స్థిరమైన అంకె కుదరదు. ఎప్పుడు ప్లాన్ మార్చినా మళ్లీ కొలిచి కొత్త అంకెలు నింపాలి. లేకుంటే పెరిగిన వేగం పాత పరిమితి దగ్గరే ఆగిపోతుంది.