చంక ధమనిని కూడా చూడండి

గుంటూరు కొత్తపేటలోని మా అల్ట్రాసౌండ్ స్కానింగ్ గదికి ఒక చేతికి నాడి అందని యువతి వస్తే, నేను ముందు పెద్ద ధమనుల గోడలు వాచే టకయాసు వ్యాధినే అనుమానిస్తాను. మెడలోని కెరోటిడ్ ధమని గోడ చుట్టూ సమంగా మందమైతే వాపు. ఒకవైపే ఎగుడుదిగుడుగా, సున్నపు మెరుపులతో ఉంటే కొవ్వు పేరుకున్నట్లు.

యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అది ధమనులు వాచే మరో వ్యాధి, జెయింట్ సెల్ ఆర్టరైటిస్ కావచ్చు; కణత ధమని చూడాలి. 15 మెగాహెర్ట్జ్‌కు తగ్గని ప్రోబ్ (చర్మంపై ఆనించే స్కాన్ పరికరం), ధారాళంగా జెల్, తేలికైన చెయ్యి. ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో రక్తప్రవాహం చుట్టూ నల్లని వలయం కనిపిస్తే మెల్లగా నొక్కండి: మామూలు ధమని అణిగి కనుమరుగవుతుంది, వాచిన గోడ నల్లగా నిలిచే ఉంటుంది. కణతతో సరిపెట్టే తొందర నాకు అసలు నచ్చదు. చంకలో ధమని గోడ మందం 1 మిల్లీమీటరు దాటినా అనుమానించాలి.

వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మొదలయ్యాక వలయం చెరిగిపోతుంది; 72 గంటల్లోపే స్కాన్ చేయండి. స్కాన్ కోసం మాత్రం మందు ఆపకండి, ఆ ఆలస్యంలో కంటిచూపు పోవచ్చు.