గేమ్ కోసం రౌటర్‌లో పోర్టులు తెరిచే ముందు

గేమ్‌లో 'నాట్ టైప్: స్ట్రిక్ట్' (బయటి కనెక్షన్లను రౌటర్ లోపలికి రానివ్వట్లేదని అర్థం) అని కనిపించినా, మనం పెట్టిన సర్వర్‌లోకి స్నేహితులు రాలేకపోయినా చాలామంది ఇచ్చే సలహా ఒకటే: ఫైర్‌వాల్ ఆపెయ్, రౌటర్‌లో డీఎంజెడ్ పెట్టెయ్. దాంతో చాలాసార్లు గేమ్ కనెక్ట్ అవుతుంది. ఇక ఆ సెట్టింగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. నాకు భయం వేసేది అక్కడే. డీఎంజెడ్ పెడితే, బయటి నుంచి కొత్తగా వచ్చే ప్రతి కనెక్షన్‌నీ రౌటర్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పంపేస్తుంది. గేమ్‌కి కావలసింది ఒకటో రెండో పోర్టులు (ప్రోగ్రాములు కనెక్షన్లు అందుకునే, నంబర్లున్న తలుపుల్లాంటివి) అయితే, తెరుచుకునేవి 65,535. ఫైల్ షేరింగ్ వాడే 445, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 అందులోనే ఉంటాయి. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి.

అసలు పోర్టు తెరవాల్సిన పని ఉందా? గేమ్ కంపెనీ సర్వర్లలో ఆడేవాళ్లకు చాలావరకు ఉండదు, ఎందుకంటే కనెక్షన్ మన వైపు నుంచే మొదలవుతుంది. మనమే సర్వర్ నడిపినప్పుడు, లేదా ఆటగాళ్ల మెషీన్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే గేముల్లోనే ఈ అవసరం వస్తుంది. పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గుతుందన్న ఆశతో మాత్రం పోర్టులు తెరవకండి, తగ్గదు. లాగ్ సమస్యైతే ముందు వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడండి. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడే పింగ్ ఎగబాకుతుంటే, రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్ (ఒక్కరే లైన్ మొత్తాన్ని నింపేయకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, లైన్ స్పీడ్‌లో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి.

పోర్టు కావాలనే తేలితే, రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపున్న అడ్రస్) చూడండి. అది 10తోనో 192.168తోనో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీ రౌటర్‌కి పైన ఇంకో నాట్ (ఒకే బయటి అడ్రస్‌ని చాలామందికి పంచే ఏర్పాటు) ఉన్నట్టే. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు. ఇది తెలియకే మనుషులు టెన్షన్ పడి, ఒక్కో రక్షణా తీసేస్తూ పోతారు. ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) అడగండి. లేదంటే టెయిల్‌స్కేల్, జీరోటియర్ లాంటివాటితో స్నేహితుల మధ్యే ఒక ప్రైవేట్ నెట్‌వర్క్ పెట్టుకోండి. తెలిసినవాళ్లతోనే ఆడేట్టయితే, పబ్లిక్ ఐపీ ఉన్నా నేను ఈ రెండో దారే మంచిదంటాను.

పని మొదలుపెట్టే ముందు రౌటర్ సెట్టింగ్స్ బ్యాకప్ తీసుకోండి. ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, అది నడుస్తుండగా కరెంటు తీయకండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, బయటి నుంచి రౌటర్‌లోకి వచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. పాస్‌వర్డ్ సంగతి చిన్నదిగా తీసుకోవద్దు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లే వరసగా ప్రయత్నించి లక్షల కెమెరాలనూ రౌటర్లనూ పట్టుకుంది. దాన్ని రాసినవాళ్లు మైన్‌క్రాఫ్ట్ సర్వర్లను పడగొట్టడానికి కూడా వాడారు.

ఇక పోర్టు ఫార్వర్డింగ్, అంటే ఒక పోర్టుకి వచ్చే కనెక్షన్లను మన కంప్యూటర్‌కి పంపమని రౌటర్‌లో పెట్టే రూల్. ముందు డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో కంప్యూటర్‌కి మారని అడ్రస్ ఇవ్వండి. అలా చేయకపోతే కొన్నాళ్లకు ఆ అడ్రస్ ఇంట్లో మరో డివైస్‌కి వెళ్లొచ్చు, తెరిచిన పోర్టు దానికి తగులుకుంటుంది. తర్వాత గేమ్ అడిగిన పోర్టు మాత్రమే, అడిగిన ప్రోటోకాల్‌లో (డేటా పంపే టీసీపీ, యూడీపీ పద్ధతుల్లో ఏది అడిగితే అది) మాత్రమే తెరవండి. మైన్‌క్రాఫ్ట్ జావా వెర్షన్‌కి మామూలుగా టీసీపీ 25565, బెడ్‌రాక్ వెర్షన్‌కి యూడీపీ 19132. రేంజ్ మొత్తం ఇచ్చేయమనే సలహాలు పట్టించుకోకండి.

యూపీఎన్‌పీ (ప్రోగ్రాములు అడగగానే రౌటర్ పోర్టులు తెరిచే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఇవన్నీ దానంతటదే జరిగిపోతాయి, నిజమే. కానీ అది ఎవరినీ పాస్‌వర్డ్ అడగదు. గేమ్ అడిగినా తెరుస్తుంది, కంప్యూటర్‌లో దూరిన మాల్వేర్ అడిగినా తెరుస్తుంది. ఇంట్లో అప్‌డేట్లు ఆగిపోయిన కెమెరాలూ టీవీ బాక్సులూ ఉంటే దాన్ని ఆపేయడమే నయం. ఆన్‌లో ఉంచేవాళ్లు రౌటర్ చూపించే యూపీఎన్‌పీ లిస్టు అప్పుడప్పుడూ చూడాలి.

కంప్యూటర్‌లో విండోస్ ఫైర్‌వాల్‌ని ఆపాల్సిన పని లేదు. అడిగినప్పుడు ఆ గేమ్‌ని ప్రైవేట్ నెట్‌వర్క్‌లో అనుమతిస్తే చాలు. సర్వర్‌ని అడ్మిన్ అకౌంట్‌లో నడపకండి, వైట్‌లిస్ట్ (మీరు ఒప్పుకున్నవాళ్లనే రానిచ్చే జాబితా) పెట్టండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2021 డిసెంబరులో బయటపడ్డ లాగ్4షెల్ లోపంతో మైన్‌క్రాఫ్ట్ జావా చాట్‌లో ఒక్క మెసేజ్ పెట్టి అవతలి మెషీన్‌లో కోడ్ నడపగలిగారు. యాంటీవైరస్ ఆపమని అడిగే మాడ్ గానీ చీట్ గానీ ఎంత బాగున్నా ఇన్‌స్టాల్ చేయొద్దు.

అంతా అయ్యాక ఇంటి వైఫై కాకుండా మొబైల్ డేటా నుంచి కనెక్ట్ అయి చూడండి. కొన్నాళ్లు ఆ గేమ్ ఆడేది లేకపోతే ఆ రూల్ తీసేయండి, మళ్లీ పెట్టడానికి ఎంతోసేపు పట్టదు.