చెత్త బండి లెక్క ఎలా అడగాలి?

మా వంటింటి తలుపు పక్కన వేలాడే క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తాం. పాలు రాని రోజు సున్నా చుడతాం, నెలాఖరుకు ఆ రోజుల డబ్బు తగ్గించి ఇస్తాం. ఒక నెల అదే క్యాలెండర్ మీద చెత్త బండి రాని రోజులకు కూడా గుర్తు పెట్టాను. పదకొండు గుర్తులు తేలాయి. పాలవాడికైతే డబ్బు ఆపుతాం. మరి ఈ బండికి డబ్బు ఎవరిస్తున్నారు? రాని రోజు కూడా డీజిల్ రాస్తున్నారా? ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ, పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ, సమాచార హక్కు చట్టంతో ఈ సంగతి తెలుసుకునే దారి దాదాపు ఒకటే.

ముందు మీ క్యాలెండర్ నింపండి

ఒక నెల చాలు. బండి వచ్చిందా లేదా, వస్తే ఎన్నింటికి, తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకున్నారా అన్నవి రాయండి. ఊళ్లో ఇంకో వీధిలో చుట్టాలుంటే వాళ్లనూ రాయమనండి. ఇది లేకపోతే రేపు ఆఫీసు ఇచ్చే కాగితాలను పోల్చి చూడటానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

కదలకుండా దొరికేది చూడండి

పంచాయతీ అయితే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్ తెరవండి. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళిక, వచ్చిన డబ్బు, చెల్లింపులు కనిపిస్తాయి. ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చే నిధులే. ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయం అంతా ఇందులోనే ఉంటుందనుకోకండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం దేనికి ఖర్చు పెట్టాలో ముందే కట్టడి చేశారు. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. కాబట్టి 2021 నుంచి 2026 వరకు మీ ఊరికి ఎంత వచ్చిందో తెలిస్తే, అందులో పారిశుద్ధ్యానికి ఎంత పోవాలో మీరే లెక్క కట్టుకోవచ్చు.

తెలంగాణలో ఇంకోటి అడగొచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమన్నాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నాయి. మొక్కల బిల్లులు చేతిలో పెట్టుకుని రోడ్డు మీద నడిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ఏ కాగితం అడగాలో తేల్చుకోండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కోపంలో ‘పదేళ్ల పారిశుద్ధ్య ఖర్చు మొత్తం ఇవ్వండి’ అని రాస్తారు. వేల పేజీలవుతాయి, పేజీకి ఇంత కట్టమని ఉత్తరం వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. లేదా ‘చెత్త ఎందుకు తీయడం లేదు?’ అని అడుగుతారు. సమాచార హక్కు చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్నదే. సంజాయిషీలు రావు. అందుకే ఒక బండి, ఒక నెల చాలు. మీరు క్యాలెండర్ నింపిన నెలే అడగండి.

ఇంతకీ ఏ కాగితమన్నది డబ్బు ఎలా ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పంచాయతీ సొంత ట్రాక్టర్ అయితే లాగ్‌బుక్ (బండి ఏ రోజు ఎక్కడ తిరిగిందో రాసే పుస్తకం), డీజిల్ బిల్లులు, రిపేరు బిల్లులు, వాటి ఓచర్లు. పట్టణంలో బండి అద్దెకు తీసుకుంటే ముందు ఒప్పందం నకలు తీసుకోండి. నెల అద్దె అయితే రాని రోజులకు కోత పెట్టారా చూడాలి. ట్రిప్పుకింత అయితే సగం ఖాళీగా తిరిగిన బండి కూడా ట్రిప్పే. టన్నుకింత అయితే వెయ్‌బ్రిడ్జి తూకం చీటీలు కావాలి. వానలో తడిసిన చెత్త ఎంత బరువు తూగుతుందో చెప్పక్కర్లేదు, మట్టి కలిస్తే ఇంకా ఎక్కువ. లెక్కగట్టే పద్ధతి తెలిస్తే తేడా ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

మున్సిపాలిటీలో ఇంకో మంచి కాగితం ఉంది. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి ఫారం-4లో వార్షిక నివేదిక పంపాల్సి ఉండేది. రోజుకు ఎంత చెత్త వస్తుంది, ఎంత సేకరించారు, ఎంత శుద్ధి చేశారు అన్నీ అందులో వాళ్లే రాసి ఉంటారు. గత ఏళ్ల నకళ్లు అడగండి.

దరఖాస్తు ఇలా రాయండి

తెల్ల కాగితం మీద, తెలుగులోనే. పంచాయతీలో అయితే సాధారణంగా కార్యదర్శే పౌర సమాచార అధికారి, అంటే దరఖాస్తు తీసుకుని జవాబివ్వాల్సిన మనిషి. మున్సిపాలిటీలో ఎవరన్నది ఆఫీసు బోర్డు మీద ఉండాలి. ఇంతకు మించి రాయక్కర్లేదు:

‘సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద, ఫలానా నెల 1వ తేదీ నుంచి నెలాఖరు వరకు మా పంచాయతీ చెత్త ట్రాక్టర్ లాగ్‌బుక్, డీజిల్ బిల్లులు, రిపేరు బిల్లులు, సంబంధిత చెల్లింపు ఓచర్లు, పారిశుద్ధ్య కార్మికుల హాజరు పట్టీల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. హాజరు పట్టీలో పేర్లు కొట్టివేసి ఇచ్చినా అభ్యంతరం లేదు.’

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం అనగానే నిరాకరించే వీలు పెంచింది. మనకు కావాల్సింది ఎంతమంది పనిచేశారన్నది, వాళ్ల పేర్లు కాదు. పైగా ఈ లెక్క కార్మికుల మీద తగువు కాదు, వాళ్లకు జీతాలు సరిగా అందుతున్నాయా అన్నది కూడా ఈ కాగితాల్లోనే తేలుతుంది.

ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డుంటే అదీ లేదు. చేతికి ఇస్తే తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. ‘తర్వాత ఇస్తాంలెండి’ అంటే మర్యాదగా బయటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపండి.

గడువు

జవాబివ్వడానికి 30 రోజులు. అది దాటాక ఇస్తే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు. అదీ తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. కమిషన్ దాకా వెళ్తే మాత్రం ఓపిక కావాలి, చాలా నెలలు పట్టొచ్చు. అయితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా అధికారి జీతం నుంచే పోతుంది కాబట్టి మొదటి అప్పీలుతోనే కదిలే దరఖాస్తులూ ఉంటాయి.

నకళ్లు ఎక్కువైతే ‘రికార్డు స్వయంగా చూస్తాను’ అని రాయండి. మొదటి గంట ఉచితం, నోట్సు రాసుకోవచ్చు.

పక్కపక్కన పెట్టి చూడండి

నేలమీద ఎడమవైపు మీ క్యాలెండర్, మధ్యలో లాగ్‌బుక్, కుడివైపు డీజిల్ బిల్లులు. బండి రాని తేదీల్లో లాగ్‌బుక్ ఏమంటోంది? ఆ రోజు డీజిల్ పోయించారా? హాజరు పట్టీలో డ్రైవర్ ఉన్నాడా? తేడా దొరకగానే దొంగతనం అని అరవకండి. బండి వేరే వీధికి వెళ్లి ఉండొచ్చు. నిధులు ఆగి కార్యదర్శే జేబులోంచి డీజిల్ పోయించిన ఊళ్లూ ఉన్నాయి, అప్పుడు తప్పు పైనెక్కడో ఉంటుంది.

అన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే తేదీలతో అర పేజీ రాసి గ్రామసభలో చదవండి. పట్టణంలో అయితే మీ వార్డు కౌన్సిలర్ చేత కౌన్సిల్ సమావేశంలో అడిగించండి. మీ ప్రశ్న మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో, ఎక్కే దాకా అక్కడి నుంచి కదలకండి. వచ్చే నెల ఆ పేజీ నకలు కూడా ఇదే పద్ధతిలో అడగొచ్చు.