ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఒంట్లో తేడాను ఎలా పసిగట్టాలి?

రోజూ ఎదురుగా ఉండేవాళ్లకు మార్పు కనబడదు. కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి కళ్లు అలవాటు పడిపోతాయి. సంక్రాంతికో దసరాకో ఇంటికెళ్లేవాళ్లకు మాత్రం మొదటి రోజే తెలిసిపోతుంది. నాన్న చొక్కా వదులైంది. డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చేసరికే అమ్మ ఆయాసపడుతోంది. అడిగితే "వయసొచ్చింది కదరా" అంటారు. అరవై దాటినంత మాత్రాన రక్తం తగ్గిపోదు, కాళ్లు వాయవు. ఏదో కారణం ఉంటుంది. అదేమిటో తేల్చాల్సింది డాక్టరు. గమనించడం, సరైన పరీక్షకు తీసుకెళ్లడం మన వంతు.

1. బరువు చూడండి

నిరుటి ఫొటో ఒకటి ఫోన్లో తీసి పక్కన పెట్టుకోండి. నాన్న బెల్టు ఏ కంతకొచ్చిందో, అమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయేమో చూడండి. 60 కిలోల మనిషి తిండి తగ్గించకుండా, నడక పెంచకుండా ఏడాదిలోపు 3 కిలోలకు మించి తగ్గితే పట్టించుకోవాల్సిందే. షుగరు, థైరాయిడ్, టీబీ, క్యాన్సర్, మనసులో దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు. కట్టుడు పళ్లు సరిపోక సరిగా తినలేకపోతున్నా కావచ్చు, ముందు అది అడగండి. రెండు వారాలు దాటిన దగ్గు కూడా ఉంటే తెమడ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

2. పగటి వెలుతురులో కళ్లు చూడండి

కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగండి. లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాములకు తగ్గకూడదు. తగ్గిందని తేలగానే ఖర్జూరం, బీట్‌రూట్ తెచ్చిపెట్టి ఊరుకోవడం మన ఇళ్లలో మామూలే. పెద్ద వయసులో అది చాలదు. ముట్లు ఆగిపోయిన ఆవిడకు, లేదా మగవాళ్లకు రక్తం తగ్గిందంటే లోపల ఎక్కడైనా పోతోందేమో చూడాలి. మొలలున్నాయా? మలం నల్లగా, జిగటగా, భరించలేని కంపుతో వస్తోందా? మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు నెలల తరబడి మింగుతున్నారా? ఆ బిళ్లలు కడుపులో పుండ్లు చేసి, తెలియకుండానే రక్తం కార్పిస్తాయి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ మలం నల్లబడుతుంది. ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

కనుగుడ్ల తెలుపులో పసుపు ఉంటే కామెర్లు. రాత్రి లైటు కింద సరిగా తెలియదు. పసరు మందుకు పరిగెత్తకుండా ముందు రక్తపరీక్ష చేయించండి.

3. కాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగండి

చీలమండ పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. సొట్ట అలాగే నిలిస్తే నీరు చేరినట్టే. రెండు కాళ్లకూ ఉంటే గుండె, కిడ్నీ, కాలేయం ఎలా ఉన్నాయో చూడాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా వస్తుంది కాబట్టి మందుల చీటీ చూడండి, కానీ మాత్ర మీరే మానిపించకండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తు పెంచుకుంటున్నారంటే గుండె పరీక్ష ఆలస్యం చేయొద్దు. ఒక కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు వెళ్లాలి.

పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో ఆగని నురగ ఉంటే కిడ్నీల మీద అనుమానం. అవి లేవని నిశ్చింతగా ఉండటానికీ లేదు. కిడ్నీ చాలావరకు దెబ్బతినేదాకా ఏ బాధా తెలియకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరు, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడయ్యాయి, చాలామందికి మూత్రంలో నురగ తెప్పించే ప్రొటీన్ కూడా పెద్దగా పోలేదు. అక్కడి కవిటి, సోంపేట వైపు ఇళ్లలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) అన్నది అందరికీ తెలిసిన మాట అయింది. ఏడాదికోసారి ఆ రక్తపరీక్ష మీ ఇంట్లోనూ చేయించండి.

షుగరున్నవాళ్లకైతే అరికాళ్లు, వేళ్ల సందులు కూడా చూడండి. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియట్లేదంటే స్పర్శ తగ్గినట్టు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరాకే తెలుస్తుంది.

4. నోరు

రెండు మూడు వారాలైనా మానని పుండు, చెరిగిపోని తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉంటే పళ్ల డాక్టరుకు చూపించండి. గుట్కా, ఖైనీ అలవాటుంటే మరీను. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్దామెలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్లకు అంగిలి కూడా చూడాలి.

5. ఇవి కనిపిస్తే పరీక్షలు కాదు, వెంటనే 108

నవ్వమంటే మూతి ఒక పక్కకు పోవడం, రెండు చేతులూ ముందుకు చాపితే ఒకటి దిగిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. కాసేపటికి సర్దుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మెదడు రక్తనాళంలో గడ్డ కడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది కాబట్టి నేరుగా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. చివరిసారి మామూలుగా ఎన్ని గంటలకు ఉన్నారో చెప్పండి. నోట్లో నీళ్లు పోయకండి.

ఛాతీ బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు వస్తే గ్యాస్ అని సోడా తాగించి కూర్చోబెట్టకండి. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. ఈసీజీ తీస్తేగానీ నమ్మకం లేదు.

6. డాక్టరు దగ్గరికి కాగితంతో వెళ్లండి

గదిలోకి వెళ్లగానే నాన్నలందరూ "ఏమీ లేదండీ, వీడే తీసుకొచ్చాడు" అంటారు. అందుకే ఎప్పటినుంచి, ఎంత, పెరుగుతోందా అన్నది ముందే రాసుకోండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోండి, ఆయుర్వేద పొడులు కూడా. విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూసి పెట్టేయకుండా ఫోను పాదాల వైపు తిప్పమనండి, వరండాలో నాలుగడుగులు నడవమనండి. మొదట విసుక్కుంటారు, రెండో వారానికి వాళ్లే తిప్పుతారు.